ఓడలెక్కి వచ్చిన పంటలు, వాటి వెంట వచ్చిన చీడలు

మిరప, వేరుశనగ, మొక్కజొన్న, పొగాకు, జీడిమామిడి – ఈ అయిదు పంటల పేర్లు చెప్పగానే మీకు మీ ఊరి పొలములే కండ్లకు కట్టును. గుంటూరు, ఖమ్మము ప్రాంతములు మిరపకు పేరుపొందినవి. అనంతపురము మెట్టభూములు వేరుశనగకు, పలాస పరిసరములు జీడిమామిడికి ప్రసిద్ధి. పచ్చిమిరపకాయ, ఎండుమిరపకాయ లేని వంటిల్లు మన పల్లెలలో వెదకినను దొరకదు. అయినను అయిదువందల యాభై ఏండ్ల క్రిందట ఈ అయిదింటిలో ఒక్క మొక్కయైనను మన దేశములో లేదు. ఇవన్నియు అమెరికా ఖండములలో పుట్టినవి. అక్కడి రైతులు వేల సంవత్సరములు సాగుచేసి, మంచి గింజను ఏరి, సాకిన పంటలు ఇవి.

ఇవి మనకెట్లు వచ్చినవి? ఎవరి ఓడలలో వచ్చినవి? ఆ రాకపోకలలో ఎవరు బాగుపడినారు, ఎవరు చెడినారు? ఈనాడు మన చేనులో కనిపించు కొత్త చీడలకు ఆనాటి కథకు సంబంధమేమి? ఈ సంగతులు తెలిసికొనుట కేవలము కాలక్షేపము కొరకు కాదు. విత్తనము కొనునపుడును, నారు తెచ్చునపుడును ఈ జ్ఞానము పనికివచ్చును.

మిరియము కొరకు వెదకులాట

పదునైదవ శతాబ్దములో యూరపు ఖండమువారికి మిరియము, లవంగము, జాజికాయ, దాల్చినచెక్క మిక్కిలి విలువైన సరకులు. మిరియము మన మలబారు తీరమున పండును. అక్కడినుండి అరబ్బు వర్తకుల ఓడలలో ఎర్రసముద్రము చేరి, ఈజిప్టు మీదుగా అలెగ్జాండ్రియా రేవునకు పోయి, అక్కడ వెనిస్ నగరపు వర్తకుల చేతిలో పడును. చేయి మారినప్పుడెల్ల వెల పెరుగును. దారిలోని ప్రతి రాజునకు సుంకము ముట్టవలెను. పండించినవానికి దక్కినది కొంచెము, తినువాడు చెల్లించినది ఎంతో. ఈ లెక్క మీకు కొత్త కాదు. మధ్యవారిని తప్పించి నేరుగా పంట పండు చోటికి పోవలెనను ఆశయే పోర్చుగలు, స్పెయిన్ దేశములవారిని సముద్రము మీదికి తరిమినది.

పోర్చుగలు నావికులు ఆఫ్రికా తీరము వెంబడి ఏటేటా మరికొంత దూరము దక్షిణముగా పోవుచు వచ్చినారు. 1488లో బార్తొలోమియో డయాస్ ఆ ఖండపు దక్షిణ కొనను చుట్టినాడు. ఇంతలో జెనోవా నగరమున పుట్టిన కొలంబసు మరొక దారి చెప్పినాడు. భూమి గుండ్రముగా ఉన్నది కనుక పడమరగా పోయినను తూర్పు దేశములు చేరవచ్చునన్నాడు. ఆ మాట నిజమే గాని, భూమి చుట్టుకొలతను అతడు చాల తక్కువగా లెక్కించినాడు. నడుమ మరొక ఖండమున్నదని ఎరుగడు.

స్పెయిన్ రాణి, రాజు సాయము చేయగా 1492 ఆగస్టు 3న మూడు ఓడలతో, సుమారు 90 మందితో పాలోస్ రేవునుండి బయలుదేరి, అక్టోబరు 12న బహామా దీవులలో ఒకదానిని చేరినాడు. తాను ఇండియా దాపునకు వచ్చితిననుకొని అక్కడివారిని ఇండియనులని పిలిచినాడు. చనిపోవువరకు ఆ నమ్మకమును వదలలేదు. అక్కడ మిరియపు తీగ లేదు. దానికి బదులు ‘అహి’ అని ఆ ప్రజలు పిలుచు కారపు కాయ కనిపించినది. ఇది మన మిరియము కంటె మేలైనదని 1493 జనవరిలో తన దినచర్యలో వ్రాసికొన్నాడు. మిరియము వెదకబోయి అతడు కనుగొన్నది మన మిరపకాయను.

వాస్కో డ గామా వచ్చిన దారి

1497 జూలై 8న వాస్కో డ గామా నాలుగు ఓడలతో లిస్బన్ నుండి కదలి, ఆఫ్రికాను చుట్టి, తూర్పు తీరమున మాలిందిలో దారి తెలిసిన నావికుని ఎక్కించుకొని 1498 మే 20న కళ్ళికోట దగ్గర దిగినాడు. సామూతిరి రాజునకు అతడు సిద్ధము చేసిన కానుకలు చారల గుడ్డలు, టోపీలు, పగడపు దండలు, చేతులు కడుగుకొను పళ్ళెములు, చక్కెర, నూనె, తేనె. వాటిని చూచి అక్కడి వర్తకులు నవ్వినారు. ఆనాటి కళ్ళికోట సంపద ముందర అవి ఏపాటి?

తిరుగు ప్రయాణములో అతని మనుషులు స్కర్వీ అను వ్యాధితో చాలమంది చనిపోయినారు. నెలల తరబడి ఎండు రొట్టె, ఉప్పు మాంసము తప్ప పచ్చి కూర, పండు లేక చిగుళ్ళు వాచి, రక్తము కారి, నీరసించి చనిపోవుట ఆ వ్యాధి లక్షణము. వెళ్ళినవారిలో ఇల్లు చేరినవారు మూడవ వంతు మాత్రమే. ‘సి’ విటమిన్ లోపమే దానికి కారణమని నాలుగు శతాబ్దములకు గాని తేలలేదు. 1930ల దశకములో హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడు సెంట్‌జార్జి ఈ విటమిన్‌ను పెద్ద మొత్తములో తీసినది తమ దేశమున పండు ఎర్ర మిరపకాయనుండియే. పచ్చిమిరప, జామ మన పెరటిలో నున్న ‘సి’ విటమిన్ గనులని దీనివలన గ్రహింపవచ్చును.

1519లో మెగెల్లన్ అయిదు ఓడలతో, రెండు వందలకు మించిన మనుషులతో భూమిని చుట్టిరాబోయినాడు. 1521లో ఫిలిప్పీన్ దీవులలో జరిగిన పోరులో తాను చనిపోయినాడు. 1522 సెప్టెంబరులో ఒక్క ఓడ, 18 మంది మాత్రమే ఇల్లు చేరినారు. అయినను ఆ ఒక్క ఓడలోని లవంగముల అమ్మకముతో యాత్ర ఖర్చు ఇంచుమించు పూడినది. సుగంధ ద్రవ్యముల వెల ఎంతటిదో దీనినిబట్టి ఊహింపవచ్చును.

విత్తనము ప్రయాణించిన తీరు

1500లో కాబ్రాల్ అను పోర్చుగీసు నావికుడు కళ్ళికోటకు పోవుచు పడమరగా జరిగి బ్రెజిల్ తీరమును తాకినాడు. 1510లో గోవా పోర్చుగీసువారి వశమైనది. ఇట్లు ఒక చేత బ్రెజిల్, మరియొక చేత గోవా ఉండుటచేత అమెరికా మొక్కలు మన తీరమునకు దిగుట సులభమైనది. స్పెయిన్ వారి ఓడలు 1565 నుండి 1815 వరకు మెక్సికోకు, ఫిలిప్పీన్ దీవులలోని మనీలాకు నడుమ తిరుగుచుండెడివి. ఆ దారిన కూడ అనేక పంటలు ఆసియాకు వచ్చినవి.

మిరప ఎంత త్వరగా పాకినదో చూడుడు. 1542లో ఫుక్స్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు తన గ్రంథములో మిరపను ‘కళ్ళికోట మిరియము’ అని పేర్కొన్నాడు. అది ఇండియా మొక్కయే అనుకొన్నాడు! అర్ధ శతాబ్దములో దాని పుట్టినిల్లు ఏదో మరచునంతగా అది ఇక్కడ నాటుకొన్నది.

దీనికి కారణము గలదు. మిరియపు తీగకు పడమటి కనుమల తేమ, నీడ, పాకుటకు చెట్టు కావలెను. మిరపకు ఇవేవియు అక్కరలేదు. గుప్పెడు గింజతో సెంటు నారుమడి పోయవచ్చును, కొన్ని నెలలలో కాయ చేతికి వచ్చును, ఎండబెట్టిన ఏడాది నిలువయుండును. కారము కొరకు మిరియము కొనలేని బీదవాడు కూడ తన దొడ్డిలో నాలుగు మొక్కలు పెట్టుకొనవచ్చును. ఆనాడు వ్యవసాయ శాఖ లేదు, పరిశోధన కేంద్రము లేదు, ప్రదర్శన క్షేత్రము లేదు. మన రైతే పరీక్షించి, మేలైన చెట్టు గింజను ఏరి దాచి, పొరుగువానికి ఇచ్చినాడు. మన నేలకు, వానకు తగిన రకములు అట్లు ఏర్పడినవి.

కొత్త పంటకు పాత పేరు తగిలించుటలో కూడ రైతు తెలివి కనబడును. మిరియమువలె కారముండుటచేత మిరపకాయ అన్నాడు. బ్రెజిల్ నుండి వచ్చిన ‘కాజు’ గింజను మన అడవిలోని జీడిగింజతో పోల్చి జీడిమామిడి అన్నాడు. మెక్సికో ప్రాంతపు చెట్టును సీమచింత అన్నాడు. అనాసకు మాత్రము బ్రెజిల్ ప్రజల మాటయే పోర్చుగీసు నోట నలిగి మనవరకు వచ్చినది. బొప్పాయి, జామ, సీతాఫలము, చిలగడదుంప, కర్రపెండలము కూడ ఆ ఖండముల బిడ్డలే.

పొగాకు కథ వేరు. 1604-05 ప్రాంతమున అసద్ బేగ్ అను ఉద్యోగి బిజాపూరు నుండి తెచ్చి అక్బరు చక్రవర్తికి చూపినాడు. 1617లో జహంగీరు దానిని మానవలెనని ఉత్తర్వు చేసినను ఆ అలవాటు ఆగలేదు. కొత్తగా వచ్చినదంతయు మేలు కాదనుటకు ఇదియొక తార్కాణము.

ఎవరి ఖర్చున ఎవరి లాభము?

పంటలు మాత్రమే ఓడ ఎక్కియుంటే ఈ కథ ఇంపైనదిగా ముగిసియుండెడిది. 1494లో టోర్డెసిల్లాస్ ఒడంబడికతో స్పెయిన్, పోర్చుగలు దేశములు సముద్రము నడుమ ఒక గీత గీసి ఇటుది నీది, అటుది నాదియని ప్రపంచమును పంచుకొన్నవి. హక్కుదారునికి కబురైన లేకుండ పొరుగూరివారు వచ్చి పొలములో సరిహద్దు రాళ్ళు పాతినట్లున్నది ఈ పని.

1493లో కొలంబసు రెండవమారు 17 ఓడలతో పోయినపుడు చెరకు ముక్కలు, గోధుమ, గుర్రములు, పశువులు, పందులు తీసికొనిపోయినాడు. వాటితో మసూచి మొదలగు అంటువ్యాధులు కూడ ఆ ఖండములకు చేరినవి. వాటిని తట్టుకొను శక్తి అక్కడి ప్రజలకు లేదు. వ్యాధులతోను, వెట్టిచాకిరితోను కొన్ని దీవులలో మొదటి ప్రజలు అర్ధ శతాబ్దములో ఇంచుమించు నశించినారు. చెరకు తోటలకు పనివారు కావలసివచ్చినది. ఆఫ్రికా నుండి సుమారు 1 కోటి 25 లక్షల మందిని సంకెళ్ళతో ఓడలెక్కించినారు. సజీవముగా దిగినవారు సుమారు 1 కోటి 7 లక్షలు. మిగిలినవారు సముద్రము మీదనే చనిపోయినారు. ఈ వ్యాపారము 16వ శతాబ్దారంభము నుండి 1866 వరకు సాగినది.

తూర్పున జరిగినది కూడ వినుడు. జాజికాయ ఆనాడు ఇండోనేషియాలోని బండా దీవులలో మాత్రమే పండుచుండెను. 1602లో ఏర్పడిన డచ్చి కంపెనీ అక్కడి పంట తనకే అమ్మవలెనని పట్టుపట్టినది. దీవులవారు ఇతరులకు కూడ అమ్మినందున 1621లో కంపెనీ సైన్యము ఆ దీవులపై పడినది. ప్రజలలో అత్యధికులు చంపబడినారు, లేదా ఆకలితో చచ్చినారు, లేదా బానిసలై పోయినారు. లవంగము వెల పడిపోకుండుటకు తాము కోరని దీవులలోని చెట్లను కంపెనీవారు నరికించినారు కూడ. తుదకు 1770లో పియరి పువావ్ర్ అను ఫ్రెంచివాడు లవంగము, జాజి మొక్కలను రహస్యముగా మారిషసు చేర్పించగా ఆ గుత్తాధిపత్యము సడలసాగినది.

ఈ వ్యాపారములో మన తీరమునకు కూడ పాత్ర గలదు. సుగంధ ద్వీపములలో వెండికంటె కోరమండలపు గుడ్డకే గిరాకి ఎక్కువ. అందుచేతనే డచ్చివారు 1605-06లో, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నమున కొట్లు తెరచినారు. మన నేతగాండ్రు నేసిన బట్టకు మారుగా లవంగములు, జాజికాయలు కొన్నారు. ఒకే కొనుగోలుదారుడు, ఒకే ధర అను స్థితిలో పడిన పంటదారుని గతి ఏమగునో బండా దీవుల చరిత్ర చెప్పుచున్నది.

ఐర్లండు నేర్పిన పాఠము

ఇక విత్తనము సంగతి. బంగాళదుంప దక్షిణ అమెరికా ఆండీస్ కొండలలో పుట్టినది. అక్కడి రైతు ఒకే మడిలో అనేక రకములు కలిపి నాటును. ఒకటి తెగులుకు లొంగినను మరియొకటి నిలుచును. 16వ శతాబ్దములో యూరపునకు వచ్చినవి ఆ రకములలో అతి కొద్ది మాత్రమే.

ఐర్లండు దేశములో బీద కౌలుదార్లకు దుంపయే అన్నము. ఎక్కువ దిగుబడినిచ్చు ‘లంపర్’ అను ఒక్క రకమునే చాలవరకు నాటినారు. దుంపను కోసి నాటుటచేత ప్రతి మొక్క తల్లి అచ్చే. ఒకదానికి లేని తట్టుకొను శక్తి వేరొకదానికి ఉండదు. 1845లో లేటు బ్లైటు అను ఆకుమాడు తెగులు అమెరికా నుండి సముద్రము దాటివచ్చి ఆ చేలపై పడినది. పచ్చని చేను కొద్ది దినములలో నల్లబడినది, భూమిలోని దుంప కుళ్ళినది. తరువాతి సంవత్సరములలో సుమారు 10 లక్షల మంది ఆకలితోను, జ్వరములతోను చనిపోయినారు. మరి 10 లక్షలకు పైగా దేశము విడిచిపోయినారు. ఆ కరవులో కూడ ఆ దేశమునుండి ధాన్యము ఓడలలో ఎగుమతియగుచునే ఉండినది.

ఇది పాతకాలపు మాట అనుకొనరాదు. 1970లో అమెరికా సంయుక్త రాష్ట్రములలో మొక్కజొన్న సంకర విత్తనములో అత్యధిక భాగము ఒకే తల్లి వంశమునకు చెందియుండుటచేత, ఆకు ఎండు తెగులు ఒకటి ప్రబలి దేశపు పంటలో సుమారు 15 శాతము పోయినది.

దీనికి విరుగుడు కూడ పంట పుట్టినింటనే దొరకును. వేరుశనగకు చుట్టములైన అడవి జాతులు దక్షిణ అమెరికాలో గలవు. వాటిలో ఒకదాని నుండి తుప్పు తెగులు, ఆకుమచ్చ తెగులు తట్టుకొను లక్షణమును రాబట్టి, కర్ణాటకలోని ధార్వాడలో జి.పి.బి.డి.-4 అను రకమును తయారుచేసినారు. 1972లో పటాన్‌చెరువులో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ పదిహేను వేలకు మించిన వేరుశనగ నమూనాలను చల్లని గదులలో భద్రపరచినది. మనకు అక్కరలేదని తోచు పాత గింజలో రేపటి తెగులుకు మందు ఉండవచ్చును. ‘కొత్త ఒక వింత, పాత ఒక రోత’ అను సామెత విత్తనము విషయములో చెల్లదు.

పిలువని చుట్టములు

పంట వచ్చిన దారిననే దాని శత్రువు కూడ వచ్చును. పుట్టినచోట ప్రతి పురుగుకు దానిని తిను మరియొక పురుగు ఉండును. కొత్త దేశములో ఆ అడ్డు లేదు కనుక పురుగు మితిమీరి పెరుగును. కలుపు మొక్కలకు కూడ ఇదే సూత్రము.

సర్కారు తుమ్మను వంటచెరకు కొరకు, బంజరు నేలల కొరకు 1877లో కడప ప్రాంతమునకు తెచ్చినారు. ఈనాడు చెరువు గర్భములలో, కాలువ గట్లపై దానిని నరికినకొలది మొలచుచున్నది. వయ్యారిభామ కలుపును 1950ల దశకము మధ్యలో పూనాలో గుర్తించినారు. అది ఇప్పుడు లేని ఊరు లేదు. 2008లో కోయంబత్తూరు దగ్గర కనిపించిన బొప్పాయి పిండినల్లి దక్షిణాది తోటలను పాడుచేసినది. దాని పుట్టినిల్లయిన మెక్సికో ప్రాంతపు సహజ శత్రువైన చిన్న కందిరీగ జాతి పురుగును 2010లో తెప్పించి వదలగా, మందుల వలన కాని పని సాధ్యపడినది. 2018లో కర్ణాటకలో మొదట కనిపించిన కత్తెర పురుగు ఆ ఏడే మన మొక్కజొన్న చేలకు పాకినది. అది కూడ అమెరికా పురుగే. ఆగ్నేయాసియాకు చెందిన నల్ల తామర పురుగు 2021-22 పంటకాలములో గుంటూరు, ఖమ్మము మొదలగు జిల్లాల మిరప తోటలలో పూతను పీల్చివేసినది. రైతులు మందు మీద మందు కొట్టినను పురుగు లొంగలేదు; పెట్టుబడి మాత్రము రెట్టించినది.

వాస్కో డ గామాకు పది నెలలు పట్టిన దారి విమానమునకు ఒక్క దినము కూడ పట్టదు. ఆనాడు దారిలోనే చచ్చు పురుగు ఈనాడు ప్రాణముతో దిగును.

మీరు గమనింపవలసినవి

1. విదేశములనుండి వచ్చు బంధువులచేత విత్తనములు, కొమ్మలు, దుంపలు, మొక్కలు పెట్టెలలో తెప్పించుకొనవద్దు. 1914 నాటి చట్టము క్రింద 2003లో వెలువడిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారము అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రము లేనిదే అవి దేశములోనికి రాకూడదు. ఈ నియమము మీకు అడ్డు కాదు, మీ చేనికి కంచె.

2. నర్సరీనుండి నారు కొనునపుడు ఆకు అడుగుభాగము, చిగురు, వేరు చూడుడు. ముడుత, పిండి, బుడిపెలు ఉన్న నారును ఊరిలోనికి తేవద్దు.

3. విత్తనపు సంచిని, రసీదును పంట ఇల్లు చేరువరకు దాచుడు. నష్టము వాటిల్లినపుడు ఇవే మీకు సాక్ష్యము.

4. మునుపెన్నడు చూడని పురుగు గాని, మచ్చ గాని కనిపించిన వెంటనే మూత బిగించిన సీసాలోనో, మూతి కట్టిన సంచిలోనో నమూనా ఉంచి మండల వ్యవసాయాధికారికి గాని, కృషి విజ్ఞాన కేంద్రమునకు గాని తెలుపుడు. పేరు తెలియని పురుగుకు దుకాణదారు చెప్పిన మందు కొట్టుట చీకటిలో రాయి విసరుట వంటిది. మేలుచేయు పురుగులే ముందు చచ్చును.

5. మిరపలో తామర పురుగుల ఉనికి తెలిసికొనుటకు నీలిరంగు జిగురు అట్టలు కట్టుడు. చేని చుట్టు జొన్న గాని, మొక్కజొన్న గాని మూడు నాలుగు వరుసలు దగ్గర దగ్గరగా వేయుడు.

6. ఊరంతయు ఒకే రకము వేయవద్దు. రెండు మూడు రకములు, వీలైన రెండు మూడు పంటలు ఉండవలెను. తాతలనాటి గింజ మీ ఇంట మిగిలియున్న, ఏటేటా కొద్దిపాటి మడిలోనైన వేసి మొలక చావకుండ కాపాడుడు.

గ్రామోద్యోగులు ఈ సంగతులను గ్రామసభలో చదివి వినిపింపవలెను. కొత్త చీడ కనబడినదని ఒక రైతు చెప్పిన మాటను తేలికగా తీసికొనక, ఆ దినమే పై అధికారులకు తెలియజేయవలెను. ఒక చేనులో ఉన్నప్పుడు అది ఒక్క రైతు కష్టము. వారము గడిచిన ఊరి కష్టము. నెల గడిచిన జిల్లా కష్టము. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట వలన ప్రయోజనము లేదు.

ఎక్కడనో పుట్టిన మిరపను మన రైతు తన బిడ్డవలె పెంచి దేశదేశములకు ఎగుమతి చేయు స్థితికి తెచ్చినాడు. మంచి విత్తనము ఏ దేశమునుండి వచ్చినను ఆహ్వానింపవలసినదే. అయితే అది తలవాకిట నిలిచి, పరీక్షింపబడి లోనికి రావలెను. దాని వెంట దొడ్డిదారిన వచ్చు చీడను ఆపుట ప్రభుత్వమొక్కటి చేయగల పని కాదు. ప్రతి దినము చేనిలో తిరుగు మీ కంటికే అది ముందు కనిపించును.